మూతి కుట్టని దిండు

సంచిలో మొదట పెట్టింది ఎండు రొయ్యల పొడి. రెండోది కూడా ఎండు రొయ్యల పొడే, ఒక డబ్బా చాలదేమోనని. ఆ తర్వాత సైదాబీ నాలుగు జతల బట్టలు, ఒక దుప్పటి, నిమ్మకాయ ఊరగాయ సీసా, జ్వరం మాత్రలు, కడుపునొప్పి మాత్రలు, ఎందుకైనా మంచిదని ఒక టార్చిలైటు పెట్టి, జిప్పు లాగి, మళ్ళీ జిప్పు తీసి, అన్నీ బయట పరిచి, మొదటినుంచి సర్దడం మొదలుపెట్టింది. పొద్దుట్నుంచి ఇది మూడోసారి.

"అవ్వా, ఆ సంచిని సర్దుతుండావా, ఉతుకుతుండావా?" అంది అస్మా. గడప మీద కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసి కొట్టేస్తోంది.

"పొడి కారిందంటే బట్టలన్నీ కంపు కొడతాయమ్మా."

"కారకపోయినా కొడతాయి. మంచిదే. రైల్లో నా చుట్టూ ఎవురూ కూచోరు. కాళ్ళు చాపుకొని పడుకుంటా."

అస్మా సైదాబీ కూతురు ఫర్జానా బిడ్డ. ఫర్జానా, ఆమె మొగుడు వెంకటాచలంలో హైవే పక్కన కుట్టుపని అంగడి పెట్టుకున్నారు. అమ్మ ఒంటరిగా ఉందని మూడేళ్ళప్పుడు అస్మాను తెచ్చి ఇక్కడ వదిలారు. చిట్టమూరు దాటి సముద్రం వైపు వచ్చే ఈ ఊళ్ళోనే అది పెరిగింది. రోజూ బస్సులో పోయి వస్తూ డిగ్రీ పూర్తి చేసింది. ఇప్పుడు రామేశ్వరం దగ్గర, సముద్రంలో తాళ్ళకు నాచు కట్టి పెంచే పని నేర్పేచోట చోటు దొరికింది. ఆరు నెలలు. రేపు పొద్దున నెల్లూరు పోయి రైలెక్కాలి.

ఆరు నెలలంటే నూట ఎనభై నాలుగు రోజులు. సైదాబీ క్యాలెండరు ముందు నిలబడి లెక్కపెట్టింది.

అయితే ఎక్కే ముందు ఒక పని మిగిలిపోయింది. ఆ శిక్షణ వాళ్ళు ఒక డబ్బాలో జంతువుల పేర్లు, ఇంకో డబ్బాలో మొక్కలూ నాచుల పేర్లూ చీటీలు వేసి, ఒక్కొక్కరికీ రెండు చీటీలు తీశారు. వచ్చిన రెండింటినీ పోల్చి రెండు పేజీలు రాయాలి. గురువారం సాయంత్రం ఐదులోపల ఫోన్లో ఫోటో తీసి పంపాలి. పంపనివాళ్ళ చోటు వెనక వరసలో ఉన్నవాళ్ళకి పోతుంది.

"నాతో పాటు చేరే ప్రత్యూషకి మేకా, కొబ్బరిచెట్టూ వచ్చినాయి. అది పది నిమిషాల్లో రాసి పారేసింది," అంది అస్మా. "నాకేమో చెట్లెక్కే ఎలుకంట. ఇంకో నాచు మీద పడి బతికే గోధుమరంగు నాచంట. ఎలుక యాడ, నాచు యాడ? ఒకటి చెట్టు మీద, ఒకటి నీళ్ళలో. దీనికి కాళ్ళుండాయి, దానికి లేవు అని రాసినా. ఇంక పేజీన్నర మిగిలుండాది."

ఆ రోజే గురువారం. గోడ గడియారంలో మూడు కావస్తోంది.

"రాయలేకపోతే ఏమవద్ది?" అని అడిగింది సైదాబీ, సంచిలోకి చూస్తూ.

"పోను. ఇంట్లో కూచుని నీతో పాటు దిండ్లు కూరతా."

సైదాబీ తల ఎత్తలేదు. ఎత్తితే ముఖంలో ఏముందో మనవరాలికి కనిపిస్తుంది.

ఆమె సర్దిన సంచులు అన్నీ తిరిగి రాలేదు. పెనిమిటి మౌలా సంచి కూడా ఆమే సర్దింది. కోతలైన తర్వాత పల్లెల్లో తిరిగి పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి వచ్చేవాడు మౌలా. దూదేకే విల్లు భుజానికి తగిలించుకుని, సంచి చేతికి తీసుకుని ఒక ఉదయం బయల్దేరాడు. అప్పుడు సైదాబీకి ఇరవయ్యారేళ్ళు, ఫర్జానాకి నాలుగు. ఆ తర్వాత ఆమె ఎవరి సంచి సర్దినా విప్పి విప్పి సర్దేది. ఇప్పుడు అరవై మూడేళ్ళు వచ్చినా ఆ అలవాటు పోలేదు. అస్మా పోతే, ఆ పోవడం మౌలా పోవడంలా అవుతుందేమోనని ఆమె భయం. అంతకుమించి వేరే భయమేమీ లేదు గానీ, అది చాలు.

అందుకే పొద్దున అస్మా స్నానానికి పోయినప్పుడు సైదాబీ ఒక పని చేసింది. ఫోను ఛార్జరు తీసి బూరుగు దూది బస్తాలోకి మోచెయ్యి దాకా దూర్చి దాచేసింది. దాంతో ప్రయాణం ఆగిపోతుందని ఆమెకేమీ నమ్మకం లేదు. ఊళ్ళో ఇంకెన్ని ఛార్జర్లు లేవు గనక. అయినా దాచింది. మనసుకి ఒక గంట ఊరట.

"అవ్వా, నల్ల వైరు చూసినావా? ఫోనులో ఛార్జింగు తొమ్మిది పాళ్ళకి వచ్చింది."

"యాడ పెట్టుకున్నావో చూసుకో. నాకేం తెలుసు."

"నీకు తెలీకుండా ఈ ఇంట్లో చీమ కూడా తిరగదు."

"అది వైరమ్మా, చీమ కాదు."

అస్మా లేచి వెతకడం మొదలుపెట్టింది. గడప మీద నోటుబుక్కు పక్కన ఒక అచ్చు కాగితం పడి ఉంది. అచ్చు కనబడితే సైదాబీ చదవకుండా ఉండలేదు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు అక్షరాల కింద జరుపుతూ, పైకే చదవసాగింది.

ఆమెకు చదువు ఎవరూ చెప్పలేదు. మౌలా పోయిన ఏడాది, ఆయన దగ్గరనుంచి ఉత్తరం వస్తే వీధి మధ్యలో పోస్టుమాను చేత చదివించుకోవాల్సి వస్తుందే అని సిగ్గుపడి, బస్సుల బోర్డులు చూసీ, శనగలు కట్టిచ్చిన కాగితాలు చూసీ, ఫర్జానా పలక చూసీ తనే నేర్చుకుంది. ఉత్తరం రాలేదు. నేర్చిన చదువు ఊరికే పోనివ్వడం ఇష్టం లేక, వచ్చినవన్నీ చదివింది. పంచాయతీ నోటీసులు, ఎరువు సంచుల మీది రాతలు, పెళ్ళి కార్డులు, మందుల సీసాలు, గ్రంథాలయం మూసేసినప్పుడు మోసుకొచ్చుకున్న నాలుగు బుట్టల పుస్తకాలు.

"'ఇది గోధుమ నాచులలో ఒకటి,'" అని చదివింది. "'దక్షిణ సముద్రాల చల్లని నీటిలో, తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన మరొక నాచు ఒంటిపై నూగులా కనిపిస్తుంది. దీని పోగులు ఆ పెద్ద నాచు లోపలికి చొచ్చుకుపోయి ఉంటాయి. సొంతంగా ఆహారం తయారుచేసుకునే శక్తి దీనికి దాదాపు లేదు.'"

"ఎవురి సంగతి సైదక్కా? మా చిన్నల్లుడి సంగతా?"

చెంచమ్మ వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది. వరిపొలం ఉన్నవాళ్ళు. ఆ పొలం గట్ల మీది బూరుగుచెట్ల కాయలే సైదాబీ దూదికి ఆధారం. నలభై ఏళ్ళ స్నేహం, అందులో ఎప్పుడూ ఏదో ఒక పోట్లాట ఉంటుంది. కొంగు చాటున అరటాకులో చుట్టిన అరిసెలు తెచ్చింది.

"నాచమ్మా, చెంచమ్మా. సముద్రంలో ఉంటదంట."

"దక్షిణమన్నావు గదా. మా అల్లుడిది తడ, మనకి దక్షిణమే. ఆయప్పకి కూడా సొంతంగా ఆహారం తయారుచేసుకునే శక్తి లేదు. మా బిడ్డ ఒంటి మీద నూగు మాదిరిగానే ఉండాడు." చెంచమ్మ అరిసెలు సంచి మీద పెట్టి చతికిలబడింది. "అదేం చేస్తుండాది, ఇల్లంతా తిరగేస్తుండాది?"

"వైరు పోయిందవ్వా," అంది అస్మా లోపలినుంచి. "అది దొరక్కపోతే ఫోను చచ్చిపోద్ది, ఫోను చచ్చిపోతే నా సీటు పోద్ది. ఇంకో అరగంట చూసి అంగడి దగ్గరికి పోయి ఎవుర్నన్నా అడుక్కుంటా."

"మా ఫోను వైరు ఇస్తునుగానీ, అది సన్న మూతిది."

"నీ ఫోను పుట్టినప్పుడు నేను పుట్టలా చెంచమ్మవ్వా."

సైదాబీ దూది బస్తా వైపు చూడకూడదని గట్టిగా అనుకుంటూ ఆ బస్తా వైపే చూస్తోంది. అస్మా బియ్యం డబ్బా చూసింది. కుట్టుమిషను సొరుగు చూసింది. పరుపు ఎత్తి చూసింది. ఆ తర్వాత నిచ్చెన తెచ్చి అటకకి వేసింది.

"అటకెందుకే? అక్కడేముండాది?" అంది సైదాబీ. ఆ గొంతులో తొందర విని చెంచమ్మ తిరిగి చూసింది.

అటక మీద ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. మౌలా దిండుంది.

అది ఆ ఇంటి పద్ధతి. సైదాబీ అత్త నేర్పింది. ఇంటి మనిషి నెల దాటే ప్రయాణం పోతే, ఆ మనిషి తలగడ దిండు మూతి నాలుగు వేళ్ళ మేర కుట్టు విప్పి, సూది దానికే గుచ్చి, ఎత్తున పెట్టాలి. తిరిగి వచ్చిన రోజున వాళ్ళ ఎదుటే కుట్టేయాలి. దిండ్లు కుట్టేవాళ్ళ ఇంట్లో కుట్టని దిండు ఉండిపోవడం నామర్దా గనక, ఆ మిగిలిన పని మనిషిని లాక్కొస్తుందని అత్త నమ్మకం. ఇంకో నియమం కూడా ఉంది. మూతి విప్పిన దిండులో మనిషి వచ్చేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఫర్జానా దిండు కాన్పులకి, కొన్నాళ్ళు మొగుడితో బెంగుళూరు పోయినప్పుడూ విప్పారు, కుట్టారు. మౌలా దిండు మాత్రం విప్పిందే. సూది తుప్పు పట్టి ఎప్పుడో రాలిపోయింది.

"దొరికింది," అంది అస్మా నిచ్చెన మీదనుంచి. "మీద పెట్టింది నువ్వే గదా అవ్వా. తాతయ్య దిండులోంచి వేలాడుతుండాది."

సైదాబీకి అర్థం కాలేదు. తను దాచింది బస్తాలో. ఛార్జరు నడిచి అటకెక్కదు గదా.

"ఉండు, లాగుతా."

నిచ్చెన కిర్రుమంది.

"అవ్వా," అంది అస్మా, గొంతు బాగా తగ్గించి. "వైరు లోపలికి పోయింది."

"ఎట్టా పోయింది?"

"దానంతట అదే పోయింది. దిండుకి తోక ఉండాది అవ్వా."

చెంచమ్మ చీపురు కోసం లేచింది. అస్మా అది చూసి నిచ్చెన మీదనుంచే చెయ్యి అడ్డం పెట్టి, దిండు రెండు చేతులా బిడ్డను దించినట్టు దించి, వాకిట్లో వెలుతురున్న చోట చాప మీద పెట్టింది. విప్పిన మూతిలోంచి ఒక చిన్న ముఖం బయటికొచ్చింది. నల్లటి కళ్ళు, పొడుగు మీసాలు. వీపు తడిసిన ఎర్రమట్టి రంగు. వెనక్కి తిరిగితే ఒంటికంటే పొడుగైన తోక, బెత్తెడు పైనే ఉంటుంది, దిండు అంచును చుట్టేసి పట్టుకుంది. పగటి వెలుతురుకి బిత్తరపోయి అది మళ్ళీ లోపలికి దూరింది.

"చెట్టెలుక," అంది అస్మా. ముఖం వెలిగిపోతోంది. "చీటీలో వచ్చిందే, అదే. సన్నకొమ్మల మీద తోకతో పట్టుకొని నడుస్తుందంట. పగలు పడుకుంటదంట. మన వేప కొమ్మ అటక కంత దాకా వంగింది గదా, దాని మీదనుంచి వచ్చుంటది. నేను పుస్తకాల్లో వెతుకుతుండా, ఇది మా తాతయ్య దిండులో కాపురం ఉండాది."

"చీపురు తెమ్మంటావా వద్దా?" అంది చెంచమ్మ.

"వద్దు, లోపల పిల్లలుండాయి చూడు."

మూతి కొంచెం వెడల్పు చేసి చూస్తే నిజమే. వేలెడంత కూడా లేవు మూడు, కళ్ళు తెరవలేదు, ఒకదాని మీద ఒకటి. వాటి చుట్టూ బూరుగు దూది గుండ్రంగా పేర్చి ఉంది. ఆ దూదికింద ఎండిన వేపాకులు. వాటికింద ఇంకో పాత గూడు, అణిగిపోయి. దానికింద ఇంకోటి. మధ్యమధ్య ఎర్రదారం, పచ్చదారం, నీలిదారం. సైదాబీ పరుపులు కుట్టి తుంచి పారేసిన దారాలు. అవి ఏ ఏడు ఏ రంగు వాడిందో ఆమెకు గుర్తే. నీలం రంగు ఫర్జానా పెళ్ళి పరుపుది.

"ఇదొక్కటి కట్టింది కాదు," అంది అస్మా. "దీని అమ్మా, దాని అమ్మా, దాని అమ్మా అందరూ ఇక్కడే కాన్పులు చేసుకున్నారు. మన ఇల్లు వాటికి పుట్టిల్లు అవ్వా."

సైదాబీ దిండుకేసి చూస్తూ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. అస్మా నవ్వు ఆపింది.

"అవ్వా, ఏమైంది? దానికేం చెడు కాలేదు. మళ్ళీ పైన పెట్టేస్తా."

"అది కాదమ్మా."

"మరేంది?"

సైదాబీ చాప మీద కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు దిండు గలీబు అంచు సరిచేసింది.

"బూరుగు దూది ఎన్నాళ్ళు నిలుస్తది చెంచమ్మా? నువ్వు చెప్పు."

"నాకేం తెలుసు, కాయలు కోసేదాన్ని. ఐదేళ్ళా?"

"ఐదు, లేదంటే ఆరు. ఎండకేసి కొడితే ఏడు. ఆ తర్వాత అణిగి అప్పడమైపోద్ది. ఎవురు కుట్టినా అంతే. ఈ దిండు కూడా అణిగిపోయింది. నాలుగో ఏడు చూస్తే పలచగా, ఆయన తల ఆనించిన పల్లం కూడా లేదు. ఆ రోజు బాగా ఏడ్చినా. ఏడో ఏడు దుమ్ము దులపదామని ఎక్కి పైనుంచి నొక్కి చూసినా. నిండుగా ఉండాది. నిన్న కూరినట్టు. లోపల చెయ్యి పెట్టకూడదు గదా, పెట్టలేదు. ప్రతి ఏడూ రంజాను ముందు ఒకసారి ఎక్కి పైన నొక్కి చూసేదాన్ని. ప్రతి ఏడూ నిండుగానే ఉండేది. ముప్పై ఏళ్ళు. నా చేతులతో ఎన్ని వేల దిండ్లు కుట్టినా, ఒక్కటి కూడా అట్టా నిలవలేదు. దానికి ఒకటే కారణమని అనుకున్నా. ఆయన యాడో బతికుండాడని. రోజూ యాడో తల ఆనించి పడుకుంటుండాడని."

వీధిలో చేపల బండి హారను కొట్టుకుంటూ పోయింది. చెంచమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఎవురికీ చెప్పలేదే," అంది.

"చెప్తే నవ్వతారు."

"నవ్వనుగానీ." చెంచమ్మ ముఖం అదోలా అయింది. "అయితే సైదక్కా, ఏటా బస్తాలో దూది తరిగిపోతుండాదని, నేను తూకంలో మోసం చేస్తుండానని నా మీద పడి కేకలేసినావే. ముప్పై ఏళ్ళు. మా ఇంటాయన చావుకి వచ్చినప్పుడు కూడా గుమ్మంలో నిలబడి బస్తా మాట ఎత్తినావు."

సైదాబీ తల ఎత్తి ఆమెను చూసింది. ఆమెకు నవ్వు వచ్చింది, అస్మాకి కూడా వచ్చింది, చెంచమ్మ మాత్రం నవ్వకుండా ఉండాలని చూసి, ఓడిపోయి, అందరికంటే గట్టిగా నవ్వింది. దిండులో ఎలుక అటూ ఇటూ కదిలింది. నవ్వు అయిపోయాక సైదాబీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

"అమ్మా అస్మా," అంది చివరికి. "ఆ నాచుని పెద్దనాచు మీదనుంచి పీకేస్తే ఏమవద్ది?"

"పెద్దదానికేం కాదు అవ్వా. దాని పాటికి అది బతుకుద్ది, ఇంకా బాగా పెరుగుద్ది. ఇదే చచ్చిపోద్ది. దానికి ఇంకో బతుకు లేదు."

"ఎలుకని దిండులోంచి పంపేస్తే?"

"ఇంకో చెట్టు చూసుకుంటది. దానికి కాళ్ళుండాయి, తోకుండాది. మొదటి పేజీలో రాసినానే."

"అదే రాయి మళ్ళీ. వివరంగా రాయి."

అస్మా నోటుబుక్కు తెచ్చి చాప మీదే బోర్లా పడుకుని రాయడం మొదలుపెట్టింది. ఈసారి కొట్టేయలేదు. అప్పుడప్పుడు దిండులోకి తొంగి చూస్తూ, అప్పుడప్పుడు అచ్చు కాగితంలోకి చూస్తూ రాసింది. చెంచమ్మ ఒక అరిసె విరిచి దిండు మూతి దగ్గర పెట్టింది, చీపురు అడిగిన విషయం ఎవరికీ గుర్తులేనట్టు. రాయడం అయ్యాక అస్మా పైకి చదివింది.

"'రెండూ వేరేదాన్ని ఆనుకుని బతికేవే. నాచు తాను ఆనుకున్నదాని లోపలికి పోగులు దూర్చి, దాని ఆహారాన్ని తను తింటుంది. తిరిగి ఇచ్చేదేమీ లేదు. వదిలి వెళ్ళడం దానికి తెలియదు. చెట్టెలుక కొమ్మనీ, తొర్రనీ, ఒక్కోసారి మనిషి ఇంటినీ ఆనుకుంటుంది. పిల్లలు ఎదిగేదాకా ఉండి వెళ్ళిపోతుంది. మా ఇంట్లో ఒక దిండులో ముప్పై ఏళ్ళుగా చెట్టెలుకలు కాపురమున్నాయి. అవి మా అవ్వ బస్తాలోంచి దూది దొంగిలించి...'"

"దొంగిలించి అని రాయబాకమ్మా."

"మరి దొంగిలించినాయి గదా."

"తీసుకున్నాయి. తీసుకొని యాడికీ మోసుకుపోలేదే. ఈ ఇంట్లోనే పెట్టినాయి. ఆయన దిండు నింపినాయి. నేను నింపుకోలేనిది." సైదాబీ నోటుబుక్కు మీద వేలు పెట్టింది. "నాచు గురించి ఏం రాసినావో అది సరిగానే ఉండాది. అది మార్చబాక."

అస్మా 'దొంగిలించి' కొట్టేసి 'తీసుకుని' అని రాసింది. ఇంకో ఆరు వాక్యాలు రాసింది. రెండు పేజీలు నిండాయి. గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. ఫోను తీసి ఫోటో తీయబోతే తెర నల్లబడిపోయింది.

"అయిపోయింది," అంది అస్మా. "అంగడి దాకా పరిగెత్తి పోయొస్తా. సరిపోద్దో లేదో."

చెప్పులేసుకుని వాకిలి దాటబోయింది. సైదాబీ చూస్తూ కూర్చుంది. ఊరుకుంటే చాలు. ఏమీ చేయక్కర్లేదు. అంగడి దగ్గర ఛార్జరు దొరకవచ్చు, దొరక్కపోవచ్చు, కరెంటు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఇరవై నిమిషాలు గడిచిపోతే నూట ఎనభై నాలుగు రోజులు తన దగ్గరే ఉంటాయి. ఇంకో మనిషి లోపలికి పోగులు దూర్చుకుని ఉండడం ఎంత సుఖంగా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. పదిహేడేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే.

"ఆగవే," అంది.

లేచి దూది బస్తా దగ్గరికి పోయి మోచెయ్యి దాకా చెయ్యి దూర్చి ఛార్జరు బయటికి లాగింది. దాని నిండా దూది పింజలు అంటుకున్నాయి. అస్మా ఛార్జరుని చూసింది, బస్తాని చూసింది, అవ్వని చూసింది.

"ఎలుక తీసుకుపోయి పెట్టిందేమో," అంది సైదాబీ.

"అంతే అయ్యుంటది," అంది అస్మా. "ఈ ఎలుకకి వయసు అరవై మూడేళ్ళు కదా అవ్వా?"

"కరెంటు పోకముందే పెట్టుకో పో."

నాలుగూ యాభై నాలుగుకి రెండు పేజీలూ పోయాయి. ఐదు దాటాక 'అందినవి' అని జవాబు వచ్చింది. కింద ఇంకో వాక్యం కూడా ఉంది, దిండు ఫోటో పంపగలరా అని. అస్మా పంపింది. ఎలుక ముఖం రాలేదు, తోక ఒక్కటే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మేనమామ వరసయ్యే షఫీ ఆటో తెచ్చి హారను కొట్టాడు. అస్మా తన దిండు తెచ్చి సైదాబీ ముందు పెట్టింది. పూలగలీబు దిండు, సైదాబీ కుట్టిందే.

"మూతి విప్పు అవ్వా. ఆరు నెలలు గదా."

సైదాబీ కత్తెర తీసుకుంది. కుట్టు మీద పెట్టింది. ఒక్క పోగు తెంపితే మిగతాదంతా లాగితే వచ్చేస్తుంది, ఆ కుట్టు సంగతి ఆమెకు తెలుసు. కాసేపు అలాగే పట్టుకుని కత్తెర పక్కన పెట్టేసింది. సంచి జిప్పు తీసి, రొయ్యల పొడి రెండో డబ్బా బయటికి లాగి, టార్చిలైటు తీసేసి, దుప్పటి మడత చిన్నది చేసి, ఆ చోట్లో దిండు నొక్కి పెట్టింది. అది లోపల సర్దుకుని కూర్చుంది.

"ఇదేంది?" అంది అస్మా.

"వాళ్ళ దిండ్ల మీద నీకు నిద్రపట్టదు. ఫోము దిండ్లు. మెడ పట్టేస్తది."

"మరి నువ్వు పైన పెట్టేదానికి?"

"పైన ఒకటి ఉండాది గదా. అది చాలు. ఇంకోటి పెట్టుకొని దాన్ని నొక్కతా కూచోలేను. నువ్వు వచ్చేటప్పుడు వస్తావు."

అస్మా అవ్వ రెండు చేతులూ పట్టుకుంది. సైదాబీ వాటిని విడిపించుకుని జిప్పు లాగింది, ఈసారి మళ్ళీ తీయలేదు.

"పెద్దమ్మా, బస్సు పోద్ది," అన్నాడు షఫీ.

"బస్సు పోతే ఆటోలోనే నెల్లూరు దాకా తీసుకుపో. ఆటో ఎందుకు కొనుక్కున్నావు మరి," అంది చెంచమ్మ గుమ్మంలోంచి. ఆమె ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. రెండో డబ్బా రొయ్యల పొడి చూసి, "ఇది మాకేనా?" అని చేతిలోకి తీసుకుంది.

ఆటో వీధి చివర మలుపు తిరిగింది. దుమ్ము అణిగేదాకా సైదాబీ నిలబడింది. ఇల్లు ఊడవలేదు, అస్మా రైలెక్కానని ఫోను చేసేదాకా ఊడవనని ముందే అనుకుంది. ఆ పద్ధతి మాత్రం మార్చుకోలేదు.

మౌలా దిండు అటక మీద ఎలుక పిల్లలు ఎదిగేదాకా ఉంది. సైదాబీ రోజూ పగటిపూట నిచ్చెన ఎక్కి చూసి, ఏ రోజు ఏమైందో అస్మాకి ఫోన్లో చెప్పేది. కళ్ళు తెరిచాయి. నూగు వచ్చింది. ఒకటి అటక అంచు దాకా నడిచి భయపడి వెనక్కి పోయింది. అస్మా అక్కడ తాళ్ళకి నాచు ముక్కలు ఎలా కడతారో చెప్పేది. ఇరవై ఎనిమిదో రోజు చూస్తే గూడులో ఎవరూ లేరు. మూడు రోజులు ఆగింది. నాలుగో రోజు దిండు దించి, మొదటిసారి లోపల చెయ్యి పెట్టి, వేపాకులూ పాత గూళ్ళూ తీసి, దారాలు విడిగా దాచి, కొత్త బూరుగు దూది కూరి, చెంచమ్మ ఎదుట కూర్చుని మూతి కుట్టేసింది. కుట్టు సన్నగా, వరసగా పడింది. ఆ దిండు మీదే ఆ మధ్యాహ్నం పడుకుంది. కొంచెం ఎత్తయిందని అనిపించింది.

అస్మా ఫిబ్రవరి పంతొమ్మిదిన వచ్చింది. పూలగలీబు దిండు రైల్లో మరిచిపోయి, సంచి నిండా ఎండునాచు తెచ్చింది. బూరుగు కాయలు పగిలే రోజులు వచ్చి పోయినా చెట్టెలుక మళ్ళీ అటక మీదికి రాలేదు. దూదేకుల మౌలా, వయసు ముప్పై ఒకటి, పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది ఫిబ్రవరి ఇరవై ఆరు, శుక్రవారం, పొద్దున ఏడు గంటలకు ఇంట్లోంచి వెళ్ళాడు. తిరిగి రాలేదు.